పొగాకు చేనులో బాల్యం, పళ్లెంలో ఆహారం: విస్తరణ సేవల ముందున్న కర్తవ్యం

పొగాకు నియంత్రణ అనగానే మన దృష్టి పొగ త్రాగేవాని వైపు మళ్లుతుంది. సిగరెట్టు పెట్టెపై హెచ్చరిక బొమ్మ, విద్యాసంస్థల చుట్టూ 100 గజాల నిషిద్ధ పరిధి, బహిరంగ స్థలాలలో ధూమపాన నిషేధం మొదలైనవన్నీ వినియోగ దశకు చెందిన చర్యలు. అయితే నికోటిన్ మానవ శరీరంలో ప్రవేశించే తొలి స్థలం పొగాకు చేను. మంచుకు తడిసిన ఆకును రెలిచే కూలీ చర్మం గుండా, కర్రకు ఆకు అల్లే బాలిక వ్రేళ్ల గుండా అది రక్తంలో కలుస్తుంది. ఆ సమయంలో ఆరోగ్య శాఖ ఉద్యోగి అక్కడ ఉండడు. కార్మిక శాఖ తనిఖీ అధికారి కనిపించడం అరుదు. నారుమడి నుండి వేలం వరకు ఆ చేనుతో సంబంధం కలిగి, శాస్త్రీయ శిక్షణ పొందిన వ్యక్తి వ్యవసాయ విస్తరణ రంగానికి చెందినవాడే అయి ఉంటాడు.

అందుచేత పొగాకు సాగు ప్రాంతాలలో ప్రజారోగ్యం, బాలల సంక్షేమం, కుటుంబ ఆహార భద్రత అనే మూడు అంశాలను విస్తరణ శాస్త్రం తన పరిధిలోనివిగా స్వీకరించవలసి ఉన్నది. పంట ఆదాయ వ్యయాల లెక్కలో ఈ మూడింటికి స్థానం లేనంతవరకు ప్రత్యామ్నాయ పంటలపై మనం ఇచ్చే సలహా సగం లెక్కపై ఆధారపడిన సలహాగానే మిగిలిపోతుంది. ఈ దృష్టితో సమస్యను పరిశీలించి, ఆచరణకు అనువైన కొన్ని సూచనలు చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

పంట – విధాన నేపథ్యం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 120కి పైగా దేశాలలో సుమారు 32 లక్షల హెక్టార్ల భూమి పొగాకు సాగులో ఉన్నది. పొగాకు వాడకం వలన ప్రపంచవ్యాప్తంగా ఏటా 70 లక్షలకు పైగా, భారతదేశంలో సుమారు 13.5 లక్షల మంది మరణిస్తున్నారు. మన దేశం పొగాకు ఉత్పత్తిలో చైనా తరువాతి వరుసలో ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో వర్జీనియా పొగాకు ప్రధానంగా ప్రకాశం, నెల్లూరు ప్రాంతపు దక్షిణ తేలిక నేలలలోను, దక్షిణ నల్లరేగడి నేలలలోను, ఉభయ గోదావరి జిల్లాల మెట్ట ప్రాంతపు ఉత్తర తేలిక నేలలలోను సాగవుతున్నది. తెలంగాణలో ఖమ్మం ప్రాంతానికి చెందిన కొన్ని గ్రామాలు కూడా ఈ ఉత్తర తేలిక నేలల పరిధిలోనివే. బర్లీ, నాటు రకాలు వీటికి అదనం.

1975 చట్టం ద్వారా ఏర్పడిన పొగాకు బోర్డు వర్జీనియా రకానికి రైతుల నమోదు, బ్యారన్ లైసెన్సు, పంట పరిమాణ నిర్ణయం, వేలం నిర్వహణ చేపడుతున్నది. మరొక వైపు, 2003లో వచ్చిన సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం వినియోగాన్ని నియంత్రిస్తున్నది. ఆహార భద్రతా ప్రమాణాల నిబంధనలు 2011 నుండి ఆహార పదార్థాలలో పొగాకును, నికోటిన్‌ను కలుపరాదని శాసిస్తున్నాయి. గుట్కా నిషేధానికి ఆధారం ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికను భారతదేశం 2004లో ధ్రువీకరించింది. ఆ ఒడంబడికలోని రెండు అధికరణాలు వ్యవసాయ శాస్త్రవేత్తలకు నేరుగా సంబంధించినవి. 17వ అధికరణం పొగాకు రైతులకు, కార్మికులకు, చిల్లర విక్రేతలకు ఆర్థికంగా నిలదొక్కుకోగల ప్రత్యామ్నాయాలను చూపాలని చెబుతున్నది. 18వ అధికరణం పొగాకు సాగు, తయారీలలో పర్యావరణాన్ని, మనుష్యుల ఆరోగ్యాన్ని కాపాడాలని నిర్దేశిస్తున్నది. వినియోగ నియంత్రణ గురించి మన దేశంలో విస్తృతంగా చర్చ జరిగింది. ఈ రెండు అధికరణాల గురించి మాత్రం వ్యవసాయ కళాశాల తరగతి గదులలో వినిపించేది స్వల్పం.

పచ్చి పొగాకు రుగ్మత

పొగాకు ఆకులోని నికోటిన్ నీటిలో సులభంగా కరుగుతుంది. తెల్లవారుజామున ఆకుపై నిలిచిన మంచు బిందువులలో, వాన నీటిలో, కూలీ చెమటలో కరిగి చర్మం గుండా శరీరంలో ప్రవేశిస్తుంది. తడిసిన బట్ట శరీరానికి అంటుకొని ఉన్నంతసేపు ఈ శోషణ కొనసాగుతూనే ఉంటుంది. చర్మంపై గాయాలు, దద్దుర్లు ఉన్నచోట శోషణ మరింత వేగంగా జరుగుతుంది. సాగు, కోత పనులు చేసే వ్యక్తి ఒక రోజులో 50 సిగరెట్లలో ఉండేంత నికోటిన్‌ను గ్రహించే అవకాశమున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. దీని ఫలితంగా కలిగే అస్వస్థతను వైద్య శాస్త్రం గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అని వ్యవహరిస్తున్నది. తెలుగులో దీనిని పచ్చి పొగాకు రుగ్మత అనవచ్చు. దీనిని తొలిసారిగా 1970లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రపు పొగాకు కూలీలలో వర్ణించారు. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు భారతీయ పొగాకు కార్మికులలో ఈ రుగ్మతను అధ్యయనం చేశారు.

వికారం, వాంతులు, తలనొప్పి, తల తిరగడం, నీరసం, కడుపులో నొప్పి, చెమటలు పట్టడం, రక్తపోటులోను గుండె వేగంలోను మార్పులు దీని ప్రధాన లక్షణాలు. ఇవి పని మొదలైన కొన్ని గంటల తరువాత, తరచుగా సాయంత్రం లేదా రాత్రి వేళ బయటపడి, ఒకటి రెండు రోజులలో తగ్గిపోతాయి. ఈ ఆలస్యమే రోగ నిర్ధారణకు పెద్ద అడ్డంకి. ఉదయం రెలిచిన ఆకుకు, రాత్రి వచ్చిన వాంతికి మధ్య సంబంధాన్ని కూలీ గుర్తించడు. ఎండదెబ్బ అనో, తిన్నది పడలేదనో, పైత్యం చేసిందనో సరిపెట్టుకుంటాడు. ఆసుపత్రికి వెళ్లినా వైద్యునికి ఆకు రెలుపు సంగతి చెప్పడు.

పురుగుమందుల విషప్రభావంతో ఈ రుగ్మతకు గల పోలిక మరింత ప్రమాదకరమైనది. ఆర్గానోఫాస్ఫేట్ మందుల విషప్రభావంలో కంటిపాపలు కుంచించుకొనిపోవడం, నోట చొంగ కారడం, రక్తంలో కోలినెస్టరేజ్ ఎంజైము తగ్గడం ప్రధానంగా కనిపిస్తాయి. పచ్చి పొగాకు రుగ్మతలో కోలినెస్టరేజ్ సాధారణ స్థాయిలోనే ఉంటుంది. మూత్రంలో గాని లాలాజలంలో గాని కొటినిన్ పెరుగుతుంది. రెండింటి చికిత్సా విధానాలు వేరు. కాబట్టి రోగి పొగాకు చేనులో పనిచేశాడా, ఎన్ని గంటల క్రితం చేశాడు, బట్టలు తడిశాయా, ఇటీవల ఆ చేనుపై ఏ మందు పిచికారీ చేశారు అనే ప్రశ్నలకు సమాధానం వైద్యునికి చేరడం అవసరం. ఈ సమాచారాన్ని రైతు నోట చెప్పించగలిగేది విస్తరణ విద్య.

బాలలపై ప్రభావం ఎందుకు అధికం?

బాలల శరీర బరువు తక్కువ. బరువుతో పోల్చినప్పుడు చర్మ వైశాల్యం ఎక్కువ. అందువలన ఒకే పరిమాణంలో నికోటిన్ సోకినప్పుడు పెద్దవారి కంటే బాలలలో దాని మోతాదు అధికమవుతుంది. పొగ త్రాగే పెద్దలకు నికోటిన్‌కు కొంత అలవాటు ఏర్పడి లక్షణాలు తగ్గుముఖం పట్టవచ్చు. బాలలకు అటువంటి సహనం ఉండదు. మెదడు ఎదుగుదల కౌమార దశ దాటిన తరువాత కూడా కొనసాగుతుంది. ఆ దశలో నికోటిన్ ప్రభావం ఏకాగ్రత, అభ్యసన శక్తులపై పడుతుంది. గర్భిణీ స్త్రీ శరీరంలో చేరిన నికోటిన్ మాయ గుండా గర్భస్థ శిశువును చేరుతుంది. తల్లిపాలలో కూడా కనిపిస్తుంది. కనుక పొగాకు చేనులో బాలల ఆరోగ్య సమస్య బాలలు చేనులో అడుగు పెట్టడానికి ముందే ఆరంభమవుతున్నది.

వర్జీనియా పొగాకులో ఆకు అడుగు నుండి పైకి, పక్వానికి వచ్చిన కొద్దీ పలుమార్లు రెలుస్తారు. రెలిచిన ఆకును అదే రోజు కర్రలకు అల్లి బ్యారన్‌లో ఎక్కించాలి. ఆలస్యమైతే నాణ్యత పడిపోతుంది. అల్లిక బలం కన్నా వ్రేళ్ల చురుకుదనం కోరే పని. నీడలో కూర్చుని చేసేది కాబట్టి తేలిక పని అనే భావం ఉన్నది. కూలీల కొరత తీవ్రంగా ఉండే ఆ కొన్ని గంటలలో ఇంటి పిల్లలను, కూలీల వెంట వచ్చిన పిల్లలను అల్లికకు కూర్చోబెట్టడం ఈ కారణాల వలననే జరుగుతుంది. వారి వ్రేళ్లకు పట్టే నల్లని జిగురు సబ్బుతో ఒక కడుగుకు వదలదు. ఆ చేతులతోనే అన్నం తింటారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆకు రెలుపులు ప్రధానంగా జనవరి నుండి మార్చి వరకు సాగుతాయి. పాఠశాలలో వార్షిక పరీక్షలకు సన్నద్ధమయ్యే కాలం కూడా అదే. పంట క్యాలెండరును, బడి క్యాలెండరును పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఈ ఘర్షణ కనిపిస్తుంది. ఒక బాలుడు పూర్తిగా బడి మానివేస్తే ఉపాధ్యాయుడు గుర్తిస్తాడు. వారానికి రెండు రోజులు రెలుపు ఉన్నప్పుడల్లా మానివేసే బాలిక మాత్రం హాజరు పట్టికలో బడిలో ఉన్నట్లే లెక్కకు వస్తుంది.

చట్టాల తీరును కూడా ఇక్కడ గమనించాలి. 2015 బాల న్యాయ చట్టం 77వ సెక్షను ప్రకారం బాలలకు పొగాకు ఉత్పత్తిని ఇచ్చినవారికి 7 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. బాల కార్మిక నిషేధ చట్టానికి 2016లో జరిగిన సవరణ 14 సంవత్సరాల లోపు బాలలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధిస్తూనే, ప్రమాదకరం కాని కుటుంబ పనులలో బడి వేళల తరువాత, సెలవులలో సహాయపడడానికి మినహాయింపునిచ్చింది. ఈ మినహాయింపు నీడలోనే చేలలోని అల్లిక పని చాలా వరకు చర్చకు రాకుండా పోతున్నది. బాలుని చేతికి ఒక బీడీ అందించడం ఇంతటి నేరమైనప్పుడు, అదే చేతికి రోజంతా పచ్చి ఆకు అందించడం కుటుంబ సహాయంగా పరిగణింపబడడం విచారింపదగిన విషయం. చట్టాన్ని ఏ విధంగా వ్యాఖ్యానించినా, చర్మం గుండా నికోటిన్ సోకే పని బాలలకు ప్రమాదకరమైనదే అని శాస్త్రం చెబుతున్నది. విస్తరణ సందేశానికి ఆ నిర్ణయం చాలు.

ఇంటిలోనికి వచ్చిన పని: బీడీ

తెలంగాణలో సమస్య రూపం వేరు. నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలలో బీడీలు చుట్టడం వేలాది మంది స్త్రీల జీవనాధారం. అడవులలో సేకరించిన తునికాకు, ఇతర రాష్ట్రాల నుండి వచ్చే పొగాకు పొడి ఇంటికి చేరుతాయి. ఒడిలో చాట పెట్టుకొని స్త్రీలు వేయి బీడీలకు ఇంత అనే లెక్కన పనిచేస్తారు. ఇల్లే కార్ఖానా కావడం వలన పొగాకు ధూళి వంటగదికి, పసిపిల్లల పడకకు మధ్య తేడా ఎరుగదు. 1966 బీడీ, చుట్ట కార్మికుల చట్టం పారిశ్రామిక ఆవరణలో బాలలను పనిలో పెట్టడాన్ని నిషేధించింది. పని ఇళ్లలోనికి తరలిన తరువాత తనిఖీ కష్టమైనది. రోజువారీ లెక్క పూర్తి కాకపోతే కూలి తగ్గుతుంది కనుక, ఆకు కత్తిరించడంలోను, బీడీ మూతి మడవడంలోను తల్లికి సాయపడడం ఆడపిల్లల బాధ్యతగా మారుతుంది.

ఈ స్త్రీలలో అనేకులు చిన్న కమతాల రైతు కుటుంబాలకు చెందినవారు. సెంటు భూమి లేనివారు కూడా ఉన్నారు. కాబట్టి వీరి విషయంలో ప్రత్యామ్నాయ పంట అనే మాట ఒక్కటే సరిపోదు. ఇంటి వద్ద ఉండి, రోజూ కొంత నగదు ఇచ్చే పని అవసరం. పెరటి కోళ్లు, పుట్టగొడుగుల పెంపకం, చిరుధాన్యాలు, పప్పుల శుద్ధి వంటివి స్వయం సహాయక సంఘాల ద్వారా చేపట్టేటప్పుడు బీడీ కూలితో సరిపోల్చి చూపగలగాలి. గృహ విజ్ఞాన శాస్త్రవేత్తలకు ఇది సవాలుతో కూడిన పరిశోధనాంశం.

పొగాకు నేల – ఆహారపు నేల

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 6 నుండి 59 నెలల బాలలలో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం రక్తహీనతతో బాధపడుతున్నారు. వయసుకు తగిన ఎత్తు లేని 5 సంవత్సరాల లోపు బాలలు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. 15–49 సంవత్సరాల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఈ అంకెలకు కారణాలు అనేకం. పొగాకు సాగునే నిందించడం శాస్త్రీయం కాదు. అయితే ఇంత పోషకాహార లోపమున్న రాష్ట్రాలలో పప్పులు, చిరుధాన్యాలు, నూనెగింజలు పండగల నేలలను ఏ పంటకు కేటాయిస్తున్నామనేది ప్రజారోగ్య ప్రశ్న కూడా అవుతుంది. 2023 ప్రపంచ పొగాకు వ్యతిరేక దినోత్సవాన్ని “పొగాకు కాదు, ఆహారం కావాలి” అనే భావంతో జరపడంలోని ఉద్దేశం ఇదే.

పొగాకు ఇంటి గాదెలోకి చేరని పంట. శనగ గాని, జొన్న గాని పండించిన రైతు అమ్మకానికి ముందు ఇంటికి కొంత నిలువ చేసుకుంటాడు. ధర పడిపోయిన సంవత్సరంలో కూడా పళ్లెంలోకి పప్పు వస్తుంది. పొగాకు ధర పడిపోయిన సంవత్సరంలో అప్పు మిగులుతుంది, ఆహారం మిగలదు.

ఇంధనం లెక్క కూడా చూడాలి. వర్జీనియా ఆకును బ్యారన్‌లో పసుపు రంగుకు తెచ్చే దశ నుండి ఈనె ఎండే దశ వరకు, సుమారు 35 నుండి 70 డిగ్రీల సెంటీగ్రేడు వరకు క్రమంగా వేడిని పెంచుతూ, ఐదారు రోజులు రాత్రింబవళ్లు కాపలా కాయాలి. కట్టె మండించే బ్యారన్‌లో ఒక కిలో ఎండు ఆకుకు సుమారు 4 నుండి 5 కిలోల కట్టె ఖర్చవుతుంది. హెక్టారుకు 1,500 కిలోల ఆకు వచ్చిందనుకుంటే 6 నుండి 7.5 టన్నుల కట్టె కాలినట్లే.

రైతు పొగాకును ఎందుకు విడువడు?

ఈ నష్టాలన్నీ తెలిసి కూడా రైతు పొగాకు వేస్తున్నాడంటే దానికి హేతుబద్ధమైన కారణాలున్నాయి. వీటిని గౌరవించకుండా చేసే ప్రబోధం ఫలించదు. మొదటిది, నమోదైన బ్యారన్ గల రైతుకు బ్యాంకు రుణం లభిస్తుంది. ఆ రుణం వేలం సొమ్ము నుండే జమ అవుతుంది. రెండవది, వర్జీనియా రకానికి తెలిసిన చోట, తెలిసిన కాలంలో వేలం జరుగుతుంది. మూడవది, బ్యారన్ రూపంలో రైతు పెట్టిన పెట్టుబడి మరే పంటకూ ఉపయోగపడదు. నాలుగవది, తేలిక నేలలలో, పరిమిత తేమతో, హెక్టారుకు ఇంత నగదు ఇచ్చే ఒంటి పంట దొరకడం కష్టం.

ఈ భద్రతకు కూడా హద్దులున్నాయి. అధికోత్పత్తి కారణంగా 2000–01లో ఆంధ్రప్రదేశ్‌లో వర్జీనియా పొగాకుకు పంట విరామం ప్రకటించవలసి వచ్చింది. బోర్డు వేలం పరిధిలో లేని బర్లీ రకం ధర 2025లో కుప్పకూలినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలుకు పూనుకున్నది. రైతుకు ధీమా ఇచ్చేది మార్కెట్టు ఏర్పాటేనని, ఆ ఏర్పాటు లేనిచోట పొగాకు కూడా రైతును ఆదుకోలేదని ఈ ఘటనలు తెలియజేస్తున్నాయి.

మరొక సూక్ష్మమైన కారణం మన లెక్కల పద్ధతిలోనే ఉన్నది. సాగు ఖర్చును చేతి నుండి పెట్టిన సొమ్ము వరకే లెక్కించినప్పుడు కుటుంబ శ్రమకు విలువ ఉండదు. పొగాకు శ్రమ ప్రధానమైన పంట. నారు పెంచడం, తల తుంచడం, పిలకలు తీయడం, రెలవడం, అల్లడం, కాల్చడం, గ్రేడు చేయడం వరకు కుటుంబ సభ్యుల పని దినాలు అత్యధికం. ఈ శ్రమకు, ముఖ్యంగా స్త్రీల శ్రమకు, కూలి ధర కట్టి చూస్తే నికర ఆదాయం గణనీయంగా తగ్గుతుంది. బాలల పనికి మాత్రం కూలి ధర కట్టడం తగదు. ఆ పని స్థానంలో వయోజన కూలీని పెట్టుకుంటే అయ్యే ఖర్చును లెక్కలో చేర్చాలి. బాలలు లేకుండా కూడా ఈ పంట గిట్టుబాటవుతుందా అనేదే అసలైన ప్రశ్న.

శనగ నేర్పిన పాఠం

పొగాకు నేల మరో పంటకు మారగలదని నిరూపించడానికి దూరం వెళ్లనవసరం లేదు. 1990 దశకం చివర నుండి ప్రకాశం జిల్లా నల్లరేగడి నేలలలో పొగాకు, ప్రత్తి సాగైన భూమిలో అధిక భాగానికి శనగ విస్తరించింది. తక్కువ కాలంలో కోతకు వచ్చే, ఎండు తెగులును తట్టుకునే జె.జి.–11 వంటి దేశవాళీ రకం, కె.ఎ.కె.–2 వంటి కాబూలీ రకం ఈ మార్పుకు పునాది వేశాయి. యంత్రాలతో విత్తడం, నూర్చడం వలన కూలీల అవసరం తగ్గింది. శీతల గిడ్డంగులలో శనగలను నిలువ చేసి, ఆ నిలువపై బ్యాంకు రుణం పొందే సౌకర్యం రైతుకు ధర కోసం వేచి ఉండే శక్తినిచ్చింది. తరువాత నంద్యాల పరిశోధన స్థానం రూపొందించిన ఎన్.బి.ఇ.జి.–47 రకం నిటారుగా పెరిగి యంత్రపు కోతకు అనువైనదిగా పేరు పొందింది.

ఈ మార్పుకు ఏ ఆరోగ్య ప్రచారమూ కారణం కాదు. రకం, యంత్రం, గిడ్డంగి, రుణం ఈ నాలుగూ ఒకే కాలంలో అందడం వలన మార్పు వచ్చింది. అయినప్పటికీ ఆరోగ్య ఫలితం లభించింది: శనగ చేనులో ఆకు అల్లే పని లేదు, కాబట్టి దానికి పిల్లల వ్రేళ్లతో అవసరం లేదు. 100 గ్రాముల శనగలలో సుమారు 19 గ్రాముల మాంసకృత్తులున్నాయి; అందులో కొంత భాగం ఇంటి పళ్లెంలోకి వచ్చే అవకాశమైనా ఉన్నది.

అయితే కథ అక్కడితో ముగియలేదు. 2012–13 తరువాత ధర పడిపోయినప్పుడు ప్రకాశం జిల్లా శీతల గిడ్డంగులలో నిలువలు పేరుకొనిపోయి, రైతులు వడ్డీ భారంతో నలిగిపోయారు. పంట మార్పిడిని నిలబెట్టేది చివరకు కొనుగోలుదారుడేనని ఈ అనుభవం చెబుతున్నది. తేలిక నేలలలో పొగాకు ఇంకా బలంగా నిలిచి ఉండడానికి కారణం అక్కడ శనగకు దీటైన పంట లేకపోవడమే. అక్కడ వేరుశనగ, కంది, మినుము, కొర్ర, ఆముదం వంటి వాటిలో రెండు మూడింటిని కలిపి పంటల వ్యవస్థగా, పశుపోషణతో జోడించి పరీక్షించవలసి ఉన్నది. ఏ ఒక్క పంటనో పొగాకుతో పోటీకి నిలబెట్టే ప్రయోగాలు రైతును ఒప్పించలేవు.

కొనుగోలుదారునిగా బాలల భోజన పథకం

కెన్యాలోని మిగోరి కౌంటీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆహార కార్యక్రమం కెన్యా ప్రభుత్వంతో కలిసి చేపట్టిన పొగాకు రహిత వ్యవసాయ క్షేత్రాల కార్యక్రమం ఈ సందర్భంలో గమనింపదగినది. పొగాకు రైతులను ఇనుము అధికంగా గల చిక్కుడు జాతి గింజల సాగుకు మళ్లించడం దాని లక్ష్యం. విత్తనం, శిక్షణతో పాటు పండిన పంటకు నమ్మకమైన కొనుగోలు మార్గాన్ని ఏర్పరచడం దాని బలం. కెన్యా నేల, కమతం, మార్కెట్టు మనవాటి కంటే భిన్నమైనవి కనుక ఆ పంటను అనుకరించనవసరం లేదు. కొనుగోలుదారుని ముందుగా నిర్ణయించి తరువాత పంటను సూచించే క్రమాన్ని స్వీకరించవచ్చు.

మనకు అటువంటి కొనుగోలుదారుడు ఇప్పటికే ఉన్నాడు. ఆంధ్రప్రదేశ్ పాఠశాలల మధ్యాహ్న భోజనంలో వేరుశనగ, బెల్లపు చిక్కీ, రాగి జావ చేరాయి. తెలంగాణ అంగన్‌వాడీలలో పంచే బాలామృతంలో గోధుమ, పాలపొడితో పాటు శనగపప్పు ఒక దినుసు. వేరుశనగ, శనగ, కంది, రాగి ఈ పథకాలకు ఏటా నిశ్చిత పరిమాణంలో అవసరం. ఆ అవసరంలో ఒక భాగాన్ని పొగాకు విడిచిన గ్రామాల రైతు ఉత్పత్తిదారుల సంఘాల నుండి ముందస్తు ఒప్పందంతో కొనుగోలు చేస్తే, పొగాకు వేలం ఇచ్చే ధీమాకు సమానమైన ధీమా ఆహార పంటకు లభిస్తుంది. పంటల వైవిధ్య కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం 2015–16 నుండి పొగాకు సాగు రాష్ట్రాలకు విస్తరింపజేసింది. విత్తనాలు, పనిముట్లకు ఇచ్చే ఆ సహాయాన్ని ఈ కొనుగోలుతో అనుసంధానించడం తదుపరి మెట్టు కావాలి.

విస్తరణ కార్యాచరణకు సూచనలు

1. రైతు శిక్షణలలో, కరపత్రాలలో పచ్చి పొగాకు రుగ్మతను ప్రత్యేక అంశంగా చేర్చాలి. తెగుళ్లు, పురుగుల వలె దీనికి కూడా లక్షణాలు, కారణం, నివారణ అనే క్రమంలో బోధన జరగాలి.

2. బాలలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు పచ్చి ఆకును తాకే పనులకు దూరంగా ఉండాలనేది మొదటి నియమం. చేతి తొడుగులు ఇచ్చి బాలలను పనిలో ఉంచడం దీనికి ప్రత్యామ్నాయం కాదు.

3. వయోజన కూలీల విషయంలో ఆకుపై మంచు ఆరిన తరువాత రెలుపు ప్రారంభించడం, పొడవు చేతుల చొక్కా, నీరు పట్టని చేతి తొడుగులు ధరించడం, తడిసిన బట్టలను వెంటనే మార్చడం, తినే ముందు చేతులను సబ్బుతో కడగడం అలవరచాలి. ప్లాస్టిక్ తొడుగులు ఎండ వేళ శరీర తాపాన్ని పెంచుతాయి కనుక ఉదయపు తేమ ఉన్నంతవరకే వాడాలి. చేను గట్టున నీరు, సబ్బు ఉంచడం యజమాని బాధ్యత.

4. లక్షణాలు కనిపించిన వ్యక్తిని పని నుండి తప్పించి, బట్టలు మార్పించి, ఒంటిని సబ్బుతో కడిగించి, నీడలో పడుకోబెట్టి నీరు త్రాగించాలి. వాంతులు ఆగకపోయినా, నీరసం పెరిగినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తరలించి, ఆకు రెలిచిన సంగతిని, వాడిన పురుగుమందు పేరును వైద్యునికి చెప్పాలి. రెలుపుల కాలానికి ముందే ఆ ప్రాంత వైద్యాధికారులతో ఒక సమావేశం జరపడం ఉపయుక్తం.

5. పొగాకు సాగు గ్రామాలలో రెలుపు తేదీలను, బడి హాజరు పట్టికను తరగతి వారీగా, వారం వారీగా సరిపోల్చే చిన్న అధ్యయనాలను గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో పాల్గొనే విద్యార్థులకు అప్పగించవచ్చు. ఇందుకు ఖర్చు స్వల్పం. ఉపాధ్యాయుల సహకారం చాలు. బాలల పేర్లు నమోదు చేయకుండా సంఖ్యలను మాత్రమే సేకరించాలి.

6. పొగాకును, ప్రత్యామ్నాయ పంటల వ్యవస్థను పోల్చే ప్రతి ఆర్థిక విశ్లేషణలో మూడు వరుసలు అదనంగా ఉండాలి: కుటుంబ శ్రమకు వయోజన కూలి ధర, కట్టె లేదా ఇతర ఇంధనపు పూర్తి విలువ, ఇంటి వాడకానికి మిగిలే ఆహారపు విలువ.

7. అల్లికలో శ్రమను తగ్గించే సాధనాలపై, కట్టెను ఆదా చేసే బ్యారన్లపై పరిశోధన కొనసాగాలి. పొగాకు నుండి తప్పుకునే రైతు బ్యారన్‌ను పంట ఎండబెట్టే గదిగానో, గిడ్డంగిగానో మార్చుకునే మార్గాలను కూడా పరీక్షించాలి.

ముగింపు

1947లో రాజమహేంద్రవరంలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థగా మొదలైన సంస్థ ఇటీవల వాణిజ్య వ్యవసాయ పరిశోధనకు జాతీయ సంస్థగా పేరు మార్చుకొని ఇతర పంటలకు కూడా తన పరిధిని విస్తరించింది. పరిశోధన రంగంలో వచ్చిన ఈ మలుపు విస్తరణ రంగంలో కూడా ప్రతిఫలించాలి. పొగాకు రైతును నేరస్థునిగా చూడడం తగదు. అతనిది చట్టం అనుమతించిన, ప్రభుత్వ పర్యవేక్షణలో సాగే పంట. అతనికి ఇవ్వవలసినవి మూడు: తన కుటుంబం ఆ చేనులో ఏమి కోల్పోతున్నదో తెలిపే సంపూర్ణ సమాచారం, పొగాకు ఉన్నంతకాలం ఆ నష్టాన్ని తగ్గించే మెలకువలు, దానిని విడిచేందుకు కొనుగోలు హామీ గల పంట. జనవరిలో తొలి రెలుపు మొదలయ్యేలోగా మొదటి రెండింటిని అందించడానికి కొత్త పథకం గాని, కొత్త నిధులు గాని అవసరం లేదు. మూడవదానికి వ్యవసాయ, విద్య, స్త్రీ శిశు సంక్షేమ శాఖలు ఒకే బల్ల వద్ద కూర్చోవాలి. ఆ సమావేశానికి గ్రామాల వారీ లెక్కలతో హాజరు కాగలిగినవారు విస్తరణ శాస్త్రవేత్తలే.